కాన్పు పరికరానికి పరీక్ష కావాలి, కానీ మన అక్కచెల్లెళ్ల సంతకం ఇంకొకరు పెట్టొద్దు



వారం రోజులుగా మన గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. కాన్పులో బిడ్డ తల కిందిదాకా దిగి ఆగిపోతే, పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఒకటి తల చుట్టూ ఎక్కించి, కొంచెం గాలి నింపి, మెల్లగా బయటికి తీసే పరికరం అది. బొమ్మ మీద చేసి చూపించారు. కింద కామెంట్లు రెండు రకాలుగా ఉన్నాయి. "ఇది మన ఏజెన్సీకి రేపే రావాలి" అని కొందరు. "మళ్లీ మన ఆడవాళ్ల మీదనే ప్రయోగాలా, ఊళ్లోకి అడుగు పెట్టనివ్వం" అని ఇంకొందరు. రెండు వైపులా బాధ నిజమే. అయినా రెండు మాటలూ సగం సగమే అని మా అభిప్రాయం. హాస్టల్‌లో నర్సింగ్ వాళ్లం, డిగ్రీ వాళ్లం కలిసి నాలుగు రాత్రులు దీని గురించి చదివి, వాదించుకుని రాస్తున్న పోస్టు ఇది. పొడుగే ఉంటుంది, చివరిదాకా చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. ఇలాంటి పరికరం మనకు అవసరం. దాన్ని గట్టిగా పరీక్షించడం ఇంకా అవసరం. ఆ పరీక్షలో మన ఆడవాళ్లు ఉండొచ్చు. కానీ నొప్పులు పడుతున్నప్పుడు కాదు, తెలియని భాషలో కాదు, వేరొకరి సంతకంతో అసలే కాదు.

ముందు అవసరం ఎందుకో చూద్దాం. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది, తల్లి గంటల తరబడి ముక్కింది, బిడ్డ తల దాదాపు బయటికి వచ్చేదాకా వచ్చి ఆగింది. తల్లికి ఓపిక అయిపోయింది, లేదా బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది. అప్పుడు డాక్టరు ముందు ఉండే దారులు మూడు. ఫోర్‌సెప్స్, అంటే రెండు పెద్ద గరిటెల్లాంటి పట్టకారుతో తలను పట్టి తీయడం. వ్యాక్యూమ్, అంటే తలకు చిన్న కప్పు అంటించి గాలి పీల్చి లాగడం. మూడోది పెద్దాపరేషన్. మొదటి రెండింటికీ చెయ్యి తిరగాలి, అది రోజూ చేస్తేనే వస్తుంది. చాలా చోట్ల ఆ చెయ్యే తగ్గిపోతోంది. దాంతో అంతా మూడో దారిలోకే వెళ్తున్నారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం పెద్దాపరేషన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలో 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. అవసరమైన చోట పెద్దాపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో మాకు అనుమానం లేదు. కానీ ఒకసారి గర్భసంచి కోస్తే కథ అక్కడితో అయిపోదు. తర్వాతి కాన్పులో ఆ కుట్టు దగ్గర చిట్లే ప్రమాదం ఉంటుంది, మాయ ఆ మచ్చకే అతుక్కుపోయి రక్తం ఆగని ప్రమాదం ఉంటుంది. పట్నంలో ఉన్నావిడకి తర్వాతి నొప్పులు మొదలైతే ఆస్పత్రి పది నిమిషాల్లో ఉంటుంది. మన దగ్గర వాగు పొంగితే డోలీ కట్టాలి, రోడ్డు దాకా మోసుకుపోయి 108 కోసం చూడాలి. ఆ మచ్చ ఆమెకు వేరు, మనకు వేరు. తల దాదాపు బయటికి వచ్చిన చోట కోతలేకుండా, సురక్షితంగా బిడ్డను తీసే పద్ధతి ఎవరికైనా బాగా పనికొస్తుందంటే ముందు మనకే. "అసలు రానివ్వం" అనే తమ్ముళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇక ఆ వీడియోలో ఉన్న పరికరం కథ. దాని పేరు ఓడాన్. హోర్హే ఓడాన్ అనే అర్జెంటీనా కార్ల మెకానిక్ దాన్ని తలపోశాడు. డాక్టరు కాదు, ఇంజినీరింగ్ డిగ్రీ కూడా లేదు. 2006లో సీసా లోపల పడిపోయిన బిరడాను ప్లాస్టిక్ సంచీతో బయటికి లాగే చిట్కా వీడియో చూశాడు. అదే పద్ధతిలో బిడ్డను తీయొచ్చు గదా అనిపించింది. గాజు జాడీని గర్భసంచి అనుకుని, బొమ్మను బిడ్డ అనుకుని, భార్య కుట్టిన గుడ్డ సంచీతో ఇంట్లోనే చేసి చూశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉన్న డాక్టర్లు 2008లో దీన్ని పట్టించుకున్నారు. 2013లో బెక్టన్ డికిన్సన్ అనే పెద్ద వైద్య పరికరాల కంపెనీ తయారీకి ముందుకొచ్చింది. మెకానిక్ షెడ్డు నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా వెళ్లిన కథ కాబట్టి మనలాంటి వాళ్లకు నచ్చుతుంది, మాకూ నచ్చింది. పెద్ద చదువులు లేనివాడి బుర్రలో కూడా పెద్ద ఆలోచన పుడుతుందని మన తాతలను, మంత్రసానులను చూసిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ కథ నచ్చడం వేరు, పరికరం సురక్షితం కావడం వేరు. గాజు జాడీకి నెత్తురు రాదు. బొమ్మ మెడ నరం దెబ్బతినదు. అందుకే మధ్యలో పరీక్ష అనేది ఉంది.

పరీక్ష ఎలా నడిచిందో చూడండి, ఇందులో నేర్చుకునేది చాలా ఉంది. ముందు శిక్షణ బొమ్మల మీద. బిడ్డ ముఖం మీద, మెడ మీద ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచే సెన్సర్లు పెట్టి, ఫోర్‌సెప్స్‌తో, వ్యాక్యూమ్‌తో పోల్చి చూశారు. మనుషుల మీద తొలిసారి వాడినప్పుడు కష్టమైన కాన్పుల్లో వాడలేదు. మామూలుగా సాగుతున్న కాన్పుల్లో, పెద్ద ఆస్పత్రిలో వాడి చూశారు. ఆ తొలి పరీక్షలో 49 మంది తల్లులు. 46 మందిలో పరికరాన్ని సరిగా ఎక్కించగలిగారు. 35 మందిలో దానితో బిడ్డ బయటికి వచ్చింది.

తర్వాత ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో, సౌత్‌మీడ్ ఆస్పత్రిలో నిజంగా సాయం అవసరమైన కాన్పుల్లో పరీక్షించారు. 40 మందికి వాడితే 19 మందికి ఆ పరికరంతోనే కాన్పు అయింది. అంటే సగం కూడా కాదు. మిగతా వాళ్లకు వేరే పద్ధతులు వాడారు. పరికరం వల్ల తల్లికి గానీ బిడ్డకు గానీ తీవ్రమైన హాని జరిగినట్టు ఆ 40 మందిలో నమోదు కాలేదు. పరికరం ఎక్కించే తీరు మెరుగు పరుచుకుంటూ ఆ తర్వాత ఇంకా పరీక్షలు చేశారు.

"రేపే రావాలి" అనే అన్నలు ఇక్కడ ఆగి ఆలోచించాలి. "40 మందిలో ఎవరికీ ఏమీ కాలేదు" అంటే "ఎవరికీ ఏమీ కాదు" అని అర్థం కాదు. స్టాటిస్టిక్స్ క్లాసులో చెప్పే చిన్న లెక్క ఒకటి ఉంది. ఒక హాని ఎంతమందిలో ఒక్కసారి కూడా కనిపించలేదో, 3ను ఆ సంఖ్యతో భాగించాలి. 40 మందిలో సున్నా అయితే, 3 భాగించు 40, అంటే 7.5 శాతం. అసలు ప్రమాదం 100కి 7 వరకు ఉన్నా కూడా 40 మందిలో ఒక్కటీ బయటపడకుండా పోవచ్చన్నమాట. వెయ్యిలో ఒకరికి మించి జరగదు అని ధైర్యంగా చెప్పాలంటే 3,000 మందిలో ఒక్కటీ కాకుండా చూపించాలి. చిన్న పరీక్ష తప్పని మేము అనట్లేదు. మొదలు ఎప్పుడూ చిన్నగానే ఉండాలి. కానీ చిన్న పరీక్ష చూపించి పెద్ద మాట చెప్పకూడదు.

ఇదేమీ ఊహ కాదు. వ్యాక్యూమ్ చరిత్రే చూడండి. స్వీడన్ డాక్టరు టాగె మాల్మ్‌స్ట్రోమ్ 1950లలో లోహపు కప్పుతో దాన్ని తయారు చేశాడు. తర్వాత మెత్తటి కప్పులు వచ్చాయి, దశాబ్దాల పాటు వాడారు. 1998లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు నాలుగేళ్లలో వ్యాక్యూమ్ వాడిన కాన్పుల్లో 12 మంది పసిబిడ్డల మరణాలు, 9 తీవ్రమైన గాయాలు తమ దగ్గర నమోదయ్యాయని చెప్పింది. వ్యాక్యూమ్ పారేయండి అనలేదు. ఎప్పుడు వాడాలో, ఎలా వాడాలో తెలిసినవాళ్లే వాడాలని, వాడాక బిడ్డను కనిపెట్టి చూసుకోవాలని చెప్పింది.

ఎందుకు కనిపెట్టాలి? లాగినప్పుడు తల చర్మం కింద పొరలో రక్తనాళాలు తెగితే అక్కడ నెత్తురు చేరుతుంది. పైకి మెత్తటి వాపులాగే కనిపిస్తుంది. 3 కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తమే దాదాపు పావు లీటరు. ఆ పొరలోకి అందులో సగం పోయినా బయట ఒక్క చుక్క కనిపించదు. పుట్టగానే బాగా ఏడ్చిన బిడ్డ కొన్ని గంటల తర్వాత తెల్లగా పాలిపోతుంది. కాబట్టి "బిడ్డ బయటికి వచ్చింది, ఏడ్చింది, పరీక్ష పాసైంది" అంటే కుదరదు. ఆ రాత్రి గంట గంటకూ తల తడిమి చూసే మనిషి ఎవరు, ఇంటికి వెళ్లాక వారం తర్వాత, నెల తర్వాత వచ్చి చూసే మనిషి ఎవరు, ఇవి కూడా పరికరం భద్రతలో భాగమే.

ఫోర్‌సెప్స్ కథ ఇంకా ఘోరం. ఇంగ్లండ్‌లో చేంబర్లెన్ అనే కుటుంబం 17వ శతాబ్దంలో దాన్ని వాడుతూ నూరేళ్లకు పైగా రహస్యంగా దాచుకుంది. ప్రాణం నిలబెట్టే వస్తువును కుటుంబ వ్యాపారం కోసం ఇంట్లో దాచారు. ఆ పరికరాలు 1813లో వాళ్ల పాత ఇంట్లో నేల చెక్కల కింద దొరికాయి. రహస్యం పెడితే రెండు విధాలా నష్టం. మంచి ఉంటే అది అందరికీ అందదు, చెడు ఉంటే ఎవరికీ తెలియదు. అందుకే పరీక్ష బహిరంగంగా జరగాలి, ఫలితం బాగున్నా బాగోకపోయినా బయట పెట్టాలి. 40లో 19 అని బ్రిస్టల్ వాళ్లు దాచకుండా రాసుకున్నారు చూడండి, మాకు ఆ పరికరం కంటే ఆ నిజాయితీ మీదే ఎక్కువ నమ్మకం కలిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. బ్రిస్టల్ పరీక్షలో ఇంకో లెక్క ఉంది. పరికరం వాడింది 40 మందికే గానీ, అడిగింది 941 మందిని. అదీ గర్భంతో ఉన్నప్పుడే, ఆలోచించుకునే టైము ఇచ్చి అడిగారు. 298 మంది సరే అన్నారు. మిగతా 643 మంది ఒప్పుకున్నవాళ్లలో లేరు. ఆ 298 మందిలో సాయం అవసరమైంది 64 మందికి, అందులో 40 మందికి ఈ పరికరం వాడారు. అడిగిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోకపోయినా పరీక్ష జరిగింది, సైన్సు ఆగిపోలేదు. కాదనే హక్కు నిజంగా ఉన్న చోట లెక్క ఇలాగే ఉంటుంది. నూటికి నూరు మంది ఒప్పుకున్నారంటే అక్కడ ఎవరూ అడగలేదని అర్థం.

మన దగ్గర ఎలా జరిగిందో మన గ్రూపులో చాలామందికి తెలుసు. తెలియని చిన్నవాళ్ల కోసం చెప్తున్నాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండేవాళ్లు, మనలాంటి వాళ్లే. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇదే జరిగింది. మహిళా సంఘాలు గొడవ చేస్తే 2010 ఏప్రిల్‌లో ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద రిపోర్టు ఇచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ అంగీకార పత్రాల సంగతి ఉంది. చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి, లేకపోతే మనమే తప్పుడు ప్రచారం చేసినవాళ్లం అవుతాం. టీకా వేయించుకున్న పిల్లల్లో 7 మంది చనిపోయారు, ఐదుగురు మన దగ్గర, ఇద్దరు గుజరాత్‌లో. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకాగా ఎన్నో దేశాలు దాన్ని వాడుతున్నాయి. మన చెల్లెళ్లకు కూడా అది అందాలి. తప్పు టీకాలో లేదు, సంతకంలో ఉంది. తల్లిదండ్రులు ఊళ్లో ఉండగా, పిల్ల ఎదురుగా ఉండగా, వార్డెన్ కలం తీసి సంతకం పెట్టేశాడు. ఆ ఒక్క సంతకం వల్ల మంచి టీకా కూడా మన ఊళ్లలో అనుమానపు టీకా అయింది. అంగీకారం ఎగ్గొట్టినవాళ్లు సైన్సుకే దెబ్బ కొట్టారు. కామెంట్లలో కనిపించే కోపం అక్కడి నుంచి వచ్చిందే.

ఇంకో సంగతి. 2009లో 10 నుంచి 14 ఏళ్లున్న ఆ పిల్లలే ఇవాళ పాతికేళ్లు దాటి తల్లులవుతున్నారు. రేపు కాన్పు పరికరం పరీక్ష అంటూ ఎవరైనా వస్తే పడుకునేది ఆ అక్కలే. చిన్నప్పుడు వాళ్ల తరఫున వార్డెన్ సంతకం పెట్టాడు. ఇప్పుడు మొగుడో, అత్తో, ఏఎన్‌ఎమ్మో, అర్ధరాత్రి లేబర్ రూములో ఎవరో ఒకరు పెట్టేస్తే మళ్లీ అదే కథ. ఒక మనిషి జీవితంలో రెండుసార్లు అలా జరగకూడదు.

అయితే "మా మీద అసలు పరీక్షలే వద్దు, ఇంకెక్కడైనా చేసుకుని బాగైనది తెచ్చి ఇవ్వండి" అంటే? వినడానికి బాగుంటుంది. మేము కూడా రెండో రాత్రి దాకా అదే అన్నాం. కానీ ఇంకెక్కడో బాగైనది మన దగ్గర బాగుంటుందని ఏముంది? రక్తం సంగతే తీసుకుందాం. కాన్పులో కొంచెం చినిగి అర లీటరు రక్తం పోతే, హిమోగ్లోబిన్ 12 ఉన్నావిడ తట్టుకుంటుంది. హిమోగ్లోబిన్ 7 ఉన్న మన అక్కకు అదే అర లీటరు ప్రాణం మీదకు తెస్తుంది. సికిల్‌సెల్ ఉంటే ఇంకో బరువు. ఇక పరికరం పనిచేయకపోతే? బ్రిస్టల్‌లో 40లో 21 మందికి పనిచేయలేదు, అయినా ఏమీ కాలేదు. ఎందుకంటే రెండో పద్ధతి చేతిలోనే ఉంది, ఆపరేషన్ థియేటర్ అదే బిల్డింగులో ఉంది, రక్తం సిద్ధంగా ఉంది. మన పీహెచ్‌సీలో పనిచేయకపోతే రెండో పద్ధతి ఘాట్ రోడ్డు. అంటే భద్రత అనేది ఆ ప్లాస్టిక్ తొడుగులో మాత్రమే ఉండేది కాదు. దాన్ని పట్టుకున్న చేతిలో, పక్కన ఉన్న రక్తం సంచిలో, బయట ఉన్న రోడ్డులో ఉంటుంది. మనలాంటి ఒళ్లు, మనలాంటి దూరం లెక్కలో లేకుండా ఇచ్చిన సర్టిఫికెట్ మన విషయంలో సగం సర్టిఫికెట్టే.

ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లో గిరిజనుల గురించి ప్రత్యేకంగా రాశారు. గిరిజనుల మీద పరిశోధన చేస్తే అది వాళ్లకే ఉపయోగపడేది అయి ఉండాలి. స్థానిక భాష తెలిసినవాళ్లు, ఊరి పెద్దలు, సాక్షులు ఉండగా అంగీకారం తీసుకోవాలి. పెద్దలు సరే అన్నా సరే, ఆ మనిషి అంగీకారం విడిగా తీసుకోవాల్సిందే. ప్రత్యేకంగా వెనుకబడిన తెగల గర్భిణులను చేర్చే విషయంలో అదనపు జాగ్రత్త ఉండాలి. మన చెంచు, కోలాం, తోటి, కొండరెడ్డి అక్కచెల్లెళ్లు అందులోకి వస్తారు. కాగితం మీద ఇంత మంచిగా ఉంది. మన పని ఆ కాగితాన్ని ఊళ్లోకి తేవడం. ప్రస్తుతం మన ఏజెన్సీలో ఓడాన్ పరీక్ష జరుగుతోందని మేము చెప్పట్లేదు, దయచేసి అలా ఫార్వర్డ్ చేయకండి. ఓడాన్ కావొచ్చు, ఇంకో కొత్త పరికరం కావొచ్చు, వచ్చిన రోజు అడగడానికి ప్రశ్నలు ముందే సిద్ధం చేసుకుందాం అంటున్నాం.

మా లెక్కలో అడగాల్సినవి ఇవి.

1. పరీక్ష నమోదైందా? క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. వైద్య పరికరాలకు 2017 నిబంధనలు ఉన్నాయి, ప్రభుత్వ అనుమతి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ రెండు కాగితాలూ చూపించమనాలి.

2. ఇంతకు ముందు ఎక్కడ, ఎంతమంది మీద వాడారు? ఎంతమందిలో పనిచేయలేదు? "అంతా బాగుంది" అనే మాట వద్దు, సంఖ్య కావాలి.

3. అడిగేది ఎప్పుడు? ఐదో నెలలోనో ఆరో నెలలోనో అడగాలి. ఆమె ఇంటికి వెళ్లి ఆలోచించుకోవాలి. మళ్లీ కాన్పు నాడు ఇంకోసారి అడగాలి. నొప్పుల మధ్యలో మొదటిసారి అడిగితే అది అడిగినట్టు కాదు. ఆ టైములో ఏ తల్లి అయినా దేనికైనా సరే అంటుంది.

4. ఏ భాషలో? కోయ, గోండి, కొలామి, సవర, కువి, ఆదివాసీ ఒడియా, ఎవరి మాటలో వాళ్లకు. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించాలి, వాళ్లు తిరిగి వాళ్ల మాటల్లో చెప్పగలిగితేనే అర్థమైనట్టు.

5. వద్దంటే ఏమవుతుంది? మందులు, 108, డబ్బులు, మర్యాద, దేంట్లోనూ తేడా రాకూడదు. ఈ మాట కాగితం మీద రాసివ్వాలి.

6. పనిచేయకపోతే రెండో దారి ఎంత దూరంలో ఉంది? ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం అదే ఆస్పత్రిలో లేకపోతే అక్కడ తొలి పరీక్ష వద్దు. ముందు పెద్దాస్పత్రిలో చేయండి, అక్కడికి మన అక్కలను నొప్పులకు ముందే తీసుకెళ్లి ఉంచండి.

7. తర్వాత చూసేదెవరు? బిడ్డ తలను మొదటి రాత్రి చూసేది ఎవరు, నెల తర్వాత ఊరికి వచ్చేది ఎవరు? తల్లికి చిరిగింది, మూత్రం ఆగట్లేదు, నొప్పి తగ్గలేదు అంటే సిగ్గుతో ఆమె చెప్పదు. అడిగే ఆడమనిషి రావాలి. హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరిస్తారో పేరు, ఫోన్ నంబరుతో సహా ఉండాలి.

8. పరీక్ష బాగుంటే పరికరం మనకు మిగులుతుందా? మన మీద పరీక్షించి, కార్పొరేట్ ఆస్పత్రుల్లో అమ్ముకుని, మన పీహెచ్‌సీకి రాకపోతే అది మోసమే.

ఈ ప్రశ్నలు అడిగితే "మీరు అభివృద్ధికి అడ్డం పడుతున్నారు" అంటారు. అననివ్వండి. ఈ ప్రశ్నలకు జవాబు ఉన్న పరీక్షకు మేమే ముందు నిలబడతాం, ఊళ్లో మేమే చెప్తాం. జవాబు లేని పరీక్షను ఆపడం కూడా సైన్సు చదివిన వాళ్ల పనే.

చివరగా మన సంగతి. మన ఇళ్లలో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి తరం మనదే. అందుకని ఊళ్లో ఏ కాగితం వచ్చినా మన చేతికే ఇస్తారు. "ఏం రాసిందిరా, చదువు" అంటారు. ఆస్పత్రిలో నర్సు కూడా "నువ్వు చదువుకున్నావు గదా, మీ వదినకు చెప్పి సంతకం పెట్టించు" అంటుంది. అప్పుడు మనం రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాం. టైము లేదని "ఏం కాదులే, పెట్టు వదినా" అంటాం. లేదా ఐదు నిమిషాలు కూర్చుని మన భాషలో మొత్తం చెప్పి, "నీకు ఇష్టం లేకపోతే వద్దను, నేను పక్కనుంటా" అంటాం. మొదటిది చేస్తే వార్డెన్ పని మనం చేసినట్టే, పెన్ను చేతులు మారిందంతే.

కాబట్టి ఒక పని పెట్టుకుందాం. పై 8 ప్రశ్నలను ఎవరి భాషలో వాళ్లు వాయిస్ మెసేజ్‌గా చెప్పి ఈ పోస్టు కింద పెట్టండి. కోయ, గోండి మా రూము వాళ్లు మొదలు పెడతారు. సవర, కువి, కొలామి వచ్చిన వాళ్లు ముందుకు రండి. రాత రాని అమ్మలు కూడా వినాలి గదా. నర్సింగ్, ఏఎన్‌ఎం చదివే అక్కలు, మేము రాసినదాంట్లో వైద్యం పరంగా ఏదైనా సరిచేయాల్సింది ఉంటే కింద రాయండి, పోస్టులోనే మారుస్తాం. అలాగే మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఒక్క గర్భిణికైనా ఈ వారంలో ఇది వినిపించండి.